ఐఈసీ వచ్చింది, ఆర్డరు రాలేదు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎగుమతి శిక్షణల చిక్కుముడి

ఒక్కరోజు ఎగుమతి అవగాహన సదస్సు. మధ్యాహ్నం భోజనాలయ్యాక హాలు సగం ఖాళీ అయింది. అప్పుడు వెనక వరసలోంచి ఒకావిడ మైకు అడిగి తీసుకుంది. నెల్లూరు దగ్గర పల్లెలో పదిమంది ఆడవాళ్లు కలిసి నిమ్మకాయ ఊరగాయ పెట్టి అమ్ముతారట. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు. అందులో చిన్న పరిశ్రమగా నమోదైనట్టు ఉద్యం సర్టిఫికెట్, పాన్ కార్డు జిరాక్సు, విదేశాలకు సరుకు పంపడానికి కావాల్సిన ఐఈసీ నంబరు కాగితం వరసగా పెట్టుకుంది. “సార్, పోయినేడు ఇదే హాల్లో మీరు చెప్పినవన్నీ తీసుకున్నాం. ఇప్పుడు సరుకు ఎవరికి పంపాల?” అంది.

వేదిక మీదున్నాయన ఉన్నమాటే చెప్పాడు. “అది మార్కెటింగ్ విషయం అమ్మా, ఇవాళ్టి సబ్జెక్టులో లేదు.” ఆయన తప్పు లేదు, ఆవిడ తప్పూ లేదు. శిక్షణ అంటే ఆయన దృష్టిలో కాగితాలు ఎలా తీసుకోవాలో చెప్పడం. ఆవిడ దృష్టిలో సరుకు అమ్ముడుపోయేదాకా తోడుండటం. చిన్న వ్యాపారులు సదస్సుల నుంచి నిరాశగా తిరిగి రావడానికి నాకు కనిపించిన అసలు కారణం ఇదే.

ఇప్పుడు ఈ సంగతి మాట్లాడుకోవాల్సిన అవసరం ఇంకా పెరిగింది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు మొదట దెబ్బ తగిలింది రొయ్యలకే. సుంకం కట్టేది అక్కడ దిగుమతి చేసుకునే పార్టీ. కానీ ఆ భారం ధర తగ్గించమనే రూపంలో వెనక్కి నడుచుకుంటూ మన చెరువు గట్టు దాకా వస్తుంది. ఒకే దేశాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో తీరం వెంబడి అందరికీ తెలిసొచ్చింది. అదే ఏడాది నవంబరులో కేంద్రం 25,060 కోట్ల రూపాయలతో ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌ను ఆమోదించింది. 2030-31 దాకా నడిచే ఈ మిషన్‌లో రెండు పాయలున్నాయి. అప్పు, వడ్డీ, పూచీకత్తు లాంటి డబ్బు సాయానికి నిర్యాత్ ప్రోత్సాహన్. నాణ్యత, బ్రాండింగ్, గిడ్డంగులు, శిక్షణ లాంటి మిగతా సాయానికి నిర్యాత్ దిశ. కాబట్టి సదస్సులు ఇంకా జరుగుతాయి. పిలుపు వచ్చినప్పుడు అది ఏ రకం శిక్షణో తెలిస్తే, ఒక రోజు కొట్టు మూసుకుని వెళ్లాలా వద్దా అన్నది తేల్చుకోవచ్చు.

శిక్షణ అనే ఒక్క మాటలో నాలుగు వేర్వేరు పనులు

మొదటిది అవగాహన సదస్సు. ఒక పూట గానీ ఒక రోజు గానీ జరుగుతుంది. జిల్లా పరిశ్రమల కేంద్రం, అంటే అందరూ డీఐసీ అనే కార్యాలయం, ఎగుమతి మండళ్లు, బ్యాంకులు కలిసి పెడుతుంటాయి. ఏయే పథకాలున్నాయో, ఏ కాగితం ఎక్కడ దొరుకుతుందో చెబుతారు. ఇందులో ఎవరి వ్యాపారాన్నీ విడిగా చూడరు. వంద మంది కూర్చున్న చోట అది సాధ్యం కూడా కాదు.

రెండోది పథకానికి ముడిపడ్డ శిక్షణ. కొత్త యూనిట్లకు అప్పు, సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీ కింద తయారీ యూనిట్‌కు 50 లక్షల దాకా, సేవల యూనిట్‌కు 20 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. సబ్సిడీ దరఖాస్తుదారును బట్టి, ఊరు పల్లెనా పట్నమా అన్నదాన్ని బట్టి 15 నుంచి 35 శాతం ఉంటుంది. అయితే ఈడీపీ అనే వ్యవస్థాపక శిక్షణ పూర్తి చేయాలి. అంటే ఇక్కడ శిక్షణ సర్టిఫికెట్ సబ్సిడీకి తాళంచెవి. అందులో నేర్పే లెక్కల పద్దులు, ప్రాజెక్టు రిపోర్టు పనికొచ్చేవే. ఎగుమతి గురించి మాత్రం పెద్దగా ఆశించకూడదు.

మూడోది చేతిపని శిక్షణ. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మలో వడ్రంగితో సహా 18 వృత్తుల వాళ్లకు ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయలు ఇస్తారు. తర్వాత ఐదు శాతం వడ్డీకి ముందు లక్ష, అది తీర్చాక రెండు లక్షలు అప్పు దొరుకుతుంది. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు కూడా ఈ కోవలోకే వస్తాయి. అక్కడ భోజనం, వసతి, శిక్షణ అన్నీ ఉచితం.

నాలుగోది చేయి పట్టుకుని నడిపించడం. ఒక వ్యాపారి, ఒక సరుకు, ఒక దేశం ఎంచుకుని మొదటి షిప్‌మెంట్ వెళ్లి డబ్బు వచ్చేదాకా వెంట ఉండటం. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్, అంటే డీజీఎఫ్‌టీ, 2011లో మొదలుపెట్టిన నిర్యాత్ బంధు పథకం ఉద్దేశం ఇదే. ఊరగాయ సంఘం ఆవిడ అడిగింది దీన్నే, కానీ ఆవిడ కూర్చుంది మొదటి రకం సదస్సులో. నాలుగోదానికి మనుషులూ సమయమూ ఎక్కువ కావాలి. అందుకే నాలుగింటిలో తక్కువగా దొరికేది అదే.

ఫోల్డరులో కాగితాలు: ఏది దేనికి

ఉద్యం అంటే మీది చిన్న పరిశ్రమ అని ప్రభుత్వం దగ్గర ఉండే నమోదు. 2020 జులై 1 నుంచి అమల్లో ఉంది. పైసా ఖర్చు లేదు. 2025 ఏప్రిల్ 1 నుంచి పరిమితులు పెరిగాయి. యంత్రాలు, పరికరాల మీద పెట్టుబడి రెండున్నర కోట్లు, ఏడాది టర్నోవర్ పది కోట్లు దాటనంతవరకు అది సూక్ష్మ పరిశ్రమే. మన దగ్గర ఊరగాయ సంఘాలు, చెంచాల పనివాళ్లు, చిన్న పాలిషింగ్ యూనిట్లు చాలావరకు ఇందులోకే వస్తాయి.

ఐఈసీ అంటే దేశం దాటి సరుకు పంపడానికి, తెప్పించుకోవడానికి ఉండాల్సిన నంబరు. జీఎస్టీ వచ్చినప్పటి నుంచి పాన్ నంబరే ఐఈసీ నంబరు. ఫీజు 500 రూపాయలు, పని అంతా ఆన్‌లైన్‌లోనే. దీన్ని తీసిస్తామని వేలకు వేలు అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టి ఈ అంకె గుర్తుంచుకోవాలి. ఇంకో మెలిక ఉంది. ప్రతి ఏడాది ఏప్రిల్, జూన్ మధ్య వివరాలు సరిచూసి ధ్రువీకరించకపోతే ఐఈసీ పనిచేయడం ఆగిపోతుంది. సదస్సుకు వెళ్లిన ఉత్సాహంలో తీసుకుని బీరువాలో పెట్టిన కాగితం, రెండేళ్ల తర్వాత నిజంగా ఆర్డరు వచ్చినప్పుడు చూస్తే చెల్లకుండా పోయి ఉండొచ్చు. మళ్లీ బతికించుకోవచ్చు, కానీ ఆ టెన్షన్ అప్పుడు పడాలి.

ఆర్‌సీఎంసీ అంటే మీ సరుకుకు సంబంధించిన ఎగుమతి మండలిలో సభ్యత్వం. సరుకును బట్టి మండలి మారుతుంది. రొయ్యలూ చేపలూ అయితే కొచ్చిలోని ఎంపెడా. గ్రానైట్ అయితే కోల్‌కతాలోని క్యాపెక్సిల్. ఎండుమిర్చి, పసుపు అయితే స్పైసెస్ బోర్డు. పొగాకు అయితే గుంటూరులోని పొగాకు బోర్డు. చేతివృత్తుల సరుకుకు హస్తకళల ఎగుమతి మండలి. ఊరగాయలో కారం, ఆవపిండి ఎంత ఉన్నా అది స్పైసెస్ బోర్డు కిందికి రాదు, వ్యవసాయ, ఆహార సరుకుల ఎగుమతి చూసే ఎపెడా కిందికి వస్తుంది. తప్పు మండలి గుమ్మం ముందు వారాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

ఏడీ కోడ్ అంటే డాలర్లు ఏ బ్యాంకు శాఖలోకి రావాలో కస్టమ్స్‌కు చెప్పే నంబరు. సరుకు వెళ్లే రేవు దగ్గర దాన్ని నమోదు చేయించాలి. ఎల్‌యూటీ అంటే జీఎస్టీ ముందు కట్టకుండానే సరుకు పంపుతామని ఇచ్చే హామీ పత్రం. ఎగుమతి మీద పన్ను సున్నానే అయినా, ఎల్‌యూటీ లేకపోతే ముందు కట్టి తర్వాత వాపసు కోసం ఎదురుచూడాలి. ఇది కూడా ప్రతి ఆర్థిక సంవత్సరం కొత్తగా ఇవ్వాల్సిందే.

ఇన్ని కాగితాలూ కలిపి చెప్పేది ఒక్కటే: మీరు పంపడానికి అర్హులు. కొనేవాడు ఉన్నాడని ఏ కాగితమూ చెప్పదు.

ఒకే రాయి, రెండు కోడ్‌లు

ప్రపంచంలో అమ్మే ప్రతి సరుకుకూ హెచ్‌ఎస్ కోడ్ అనే అంకె ఉంటుంది. మొదటి ఆరు అంకెలు అన్ని దేశాల్లో ఒకటే, మనం ఎనిమిది వాడతాం. సుంకం ఎంత, ప్రోత్సాహకం ఎంత, ఏ తనిఖీ కావాలి అన్నవన్నీ ఈ అంకె మీదే ఆధారపడతాయి.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌ను చూడండి. నల్లటి రాయిలో బంగారు రవ్వలు చల్లినట్టుంటుంది. క్వారీలోంచి తీసిన బ్లాక్‌ను అలాగే పంపితే అది 25వ అధ్యాయంలో 2516 కింద పడుతుంది. అదే బ్లాక్‌ను కోసి, పాలిష్ పెట్టి స్లాబ్‌గా పంపితే 68వ అధ్యాయంలో 6802 కిందికి వెళుతుంది. రాయి అదే, గని అదే. కానీ కస్టమ్స్ కళ్లకు ఒకటి ముడిసరుకు, ఇంకొకటి తయారైన వస్తువు. ఒంగోలు చుట్టుపక్కల చిన్న పాలిషింగ్ యూనిట్‌కు ఈ తేడాయే బతుకు. బ్లాకులుగానే వెళ్లిపోతే కోత, పాలిష్ కూలి వేరే దేశంలో మిగులుతుంది. శిక్షణలో ఈ ఒక్క విషయం సరుకు చేతిలో పెట్టి చెప్పినా చాలామందికి కోడ్ అంటే భయం పోతుంది.

ఉదయగిరి చెంచా ఓడ ఎక్కే దారి

ఉదయగిరి చెక్క చెంచా పట్టుకుంటే తేలిగ్గా ఉంటుంది. కొండల్లో దొరికే నర్ది, కలివి లాంటి కర్రను ముక్కలుగా కోసి, చేత్తో చెక్కి, ఆకురాయితో నునుపు చేస్తారు. పిడి చివర సన్నటి నగిషీ ఉంటుంది. జీఐ, అంటే ఫలానా ఊరి సరుకు అనే భౌగోళిక గుర్తింపు ఉన్న కళ ఇది. ఆ పేరును అధికారికంగా వాడుకోవాలంటే పనివాళ్లు విడిగా అధీకృత వినియోగదారులుగా నమోదు కావాలి. గుర్తింపు ఊరికి వచ్చినంత మాత్రాన ప్రతి ఇంటికీ వచ్చినట్టు కాదు.

ఈ చెంచా 4419 కోడ్ కిందికి వస్తుంది, చెక్కతో చేసిన వంటింటి సామాను. కర్ర చట్టబద్ధంగా వచ్చిందని చూపమని కొన్నవాళ్లు అడిగితే హస్తకళల ఎగుమతి మండలి ఇచ్చే వృక్ష్ ధ్రువీకరణ ఉంది. చెంచాలు పెట్టి పంపే చెక్క పెట్టె, కింద వేసే ప్యాలెట్ కూడా ఐఎస్‌పీఎం-15 అనే అంతర్జాతీయ నిబంధనకు లోబడాలి. ఒక పద్ధతి ఏమిటంటే కర్ర నడిబొడ్డు 56 డిగ్రీల దగ్గర కనీసం 30 నిమిషాలు ఉండేలా వేడి చేసి, ముద్ర కొట్టించడం. ముద్ర లేని ప్యాలెట్ మీద సరుకెంత బాగున్నా అవతలి రేవులో ఆపేస్తారు. చెంచా గురించి ఎంతో శ్రద్ధ పెట్టిన మనిషికి, దాని కింద వేసే చెక్క గురించి ఎవరూ చెప్పకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

ఇప్పుడు ధర. ఈ కింది అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్న ఉదాహరణ మాత్రమే. ఐదు చెంచాల సెట్లు వెయ్యి పంపాలి. కర్ర, కూలి కలిపి సెట్టుకు 150 రూపాయలు, అంటే లక్షా యాభై వేలు. విదేశీ ప్యాకింగు సెట్టుకు 12 చొప్పున పన్నెండు వేలు. ఉదయగిరి నుంచి చెన్నైకి బండి తొమ్మిది వేలు. కస్టమ్స్ ఏజెంటు, పత్రాలు, గోదాము ఖర్చులు ఇరవై వేలు. మొత్తం లక్షా తొంభై ఒక్క వేలు. దాని మీద ఇరవై తొమ్మిది వేలు లాభం వేసుకుంటే రెండు లక్షల ఇరవై వేలు. సెట్టుకు 220 రూపాయలు. డాలరు 88 రూపాయలు అనుకుంటే రెండున్నర డాలర్లు. సరుకు ఓడ ఎక్కేదాకా ఖర్చులన్నీ మనవే అయిన ఈ ధరనే ఎఫ్‌ఓబీ అంటారు. ఓడ కిరాయి, బీమా కూడా మనమే కట్టి అవతలి రేవు దాకా చెబితే సీఐఎఫ్. ఆ రెండింటికీ ముప్పై మూడు వేలు అయితే సెట్టుకు 253 రూపాయలు, అంటే దాదాపు 2.88 డాలర్లు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ఇంటి దగ్గర 150 పడింది కదా, 26 రూపాయలు లాభం చాలు అనుకుని పార్టీకి రెండు డాలర్లు ఎఫ్‌ఓబీ అని మెయిల్ పెడతారు. రెండు డాలర్లంటే 176 రూపాయలు. అసలు ఖర్చు 191. సెట్టుకు 15 చొప్పున పదిహేను వేలు చేతినుంచి పోతాయి. అదే రెండు డాలర్లకు సీఐఎఫ్ అని రాస్తే నష్టం నలభై ఎనిమిది వేలు. మెయిల్‌లో మూడక్షరాల తేడా అంతే. నా మటుకు నాకు, ఏ సదస్సులోనైనా ఉదయం పూట మొత్తం ఈ ఒక్క లెక్క ఎవరి సరుకుతో వాళ్ల చేత వేయిస్తే మిగతా పథకాల జాబితా అంతా చదివిన దానికంటే మేలు.

డ్యూటీ డ్రాబ్యాక్, 2021 జనవరి నుంచి వచ్చిన రోడ్‌టెప్ లాంటివి ఎఫ్‌ఓబీ విలువలో కొంత శాతం వెనక్కి ఇస్తాయి. అవి ఎగుమతి మీద మిగిలిపోయిన పన్నులకు పరిహారం. వాటినే లాభంగా లెక్కేసి ధర తగ్గిస్తే రేటు మారిన రోజున ఇబ్బంది.

సొంతంగా పంపడమా, మర్చంట్ ఎక్స్‌పోర్టర్‌కు ఇవ్వడమా

మర్చంట్ ఎక్స్‌పోర్టర్ అంటే తాను తయారు చేయకుండా మన దగ్గర కొని విదేశానికి పంపే వ్యాపారి. శిక్షణల్లో ఎక్కువగా సొంతంగా పంపండి, దళారి లేకుండా లాభమంతా మీదే అంటారు. వ్యాపారంలో తల పండినవాళ్లు మొదట మర్చంట్‌కు ఇవ్వమంటారు. రెండు మాటల్లోనూ నిజముంది. పై లెక్కనే ఇంకో మెట్టు తీసుకెళ్తే ఎవరి మాట ఎప్పుడు నిజమో తెలుస్తుంది.

మర్చంట్ ఉదయగిరిలోనే సెట్టు 180కి కొన్నాడనుకుందాం. ప్యాకింగు, బండి, పత్రాలు ఆయన ఖర్చు. వెయ్యి సెట్లకు మనకు ముప్పై వేలు మిగులుతాయి. సొంతంగా పంపితే మిగిలేది ఇరవై తొమ్మిది వేలు. అంత తిరుగుడుకూ వెయ్యి రూపాయలు తక్కువే. అదే ఐదు వేల సెట్లయితే తయారీ ఏడున్నర లక్షలు, ప్యాకింగు అరవై వేలు. బండి, ఏజెంటు ఖర్చులు ఐదింతలు కావు. బండికి పదిహేను వేలు, మిగతావాటికి ముప్పై ఐదు వేలు అనుకుంటే మొత్తం ఎనిమిది లక్షల అరవై వేలు. 220 చొప్పున వచ్చేది పదకొండు లక్షలు. మిగిలేది రెండు లక్షల నలభై వేలు. మర్చంట్‌కు ఇస్తే లక్షా యాభై వేలే. అంటే మన సరుకు ఎంత అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

మర్చంట్ దారికి పన్నులో ఒక వెసులుబాటు ఉంది. ఎగుమతి కోసం అతనికి అమ్మే సరుకు మీద నిర్ణీత షరతులతో 0.1 శాతం జీఎస్టీ వేస్తే చాలు. బిల్లు తేదీ నుంచి 90 రోజుల్లో ఆ సరుకు దేశం దాటాలి. అటువైపు నష్టం కూడా ఉంది. కొన్నవాడి పేరు, అతని అభిరుచి, వచ్చే ఏడాది ఏ రంగు అడుగుతాడో మనకు ఎప్పటికీ తెలియదు. పెట్టె మీద ఉదయగిరి పేరు లేకుండానే చెంచా వెళ్లిపోవచ్చు.

డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది

సరుకు ఓడ ఎక్కిన రోజు నుంచే అసలు గుబులు మొదలవుతుంది. ముందే మొత్తం అడ్వాన్స్ ఇచ్చే పార్టీ దొరకడం అరుదు. కొంత అడ్వాన్స్, మిగతాది సరుకు అందాక అనే ఏర్పాటులో చివరి వాయిదా రాకపోతే ఆ దేశం వెళ్లి అడగలేం.

ఎల్‌సీ అంటే పార్టీ తరఫున అతని బ్యాంకు ఇచ్చే మాట: ఈ పత్రాలు ఇలా చూపిస్తే డబ్బు ఇస్తాం. బ్యాంకు చూసేది పత్రాలనే, సరుకును కాదు. ఎల్‌సీలో చివరి షిప్‌మెంట్ తేదీ 15 అని ఉండి, ఓడ ఆలస్యమై, సరుకు ఎక్కినట్టు ఓడ కంపెనీ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ మీద 17 పడితే, చెంచాలు అద్దంలా ఉన్నా బ్యాంకు కాదనొచ్చు. ఎల్‌సీలో వేరేగా రాయకపోతే షిప్‌మెంట్ అయిన 21 రోజుల్లోపు పత్రాలు ఇవ్వాలి. కర్ర చెక్కే మనిషికి ఈ రెండు తేదీలు చెప్పి పంపడం ఎంత అవసరమో వేరే చెప్పాలా?

ఈసీజీసీ 1957లో పెట్టిన ప్రభుత్వ సంస్థ. పార్టీ దివాలా తీసినా, డబ్బు ఎగ్గొట్టినా నష్టంలో ఎక్కువ భాగం భరించే బీమా ఇస్తుంది. ఇక్కడ అందరూ పొరబడే చోటొకటి ఉంది. సరుకు నాణ్యత బాగాలేదని పార్టీ గొడవ పెట్టి డబ్బు ఆపితే, ఆ గొడవ అక్కడి కోర్టులో మన పక్షాన తేలేదాకా మామూలుగా బీమా వర్తించదు. కాబట్టి పంపే ముందు తీసిన ఫొటోలు, పార్టీ ఒప్పుకున్న శాంపిల్ మన దగ్గర ఉండటం పాలసీ అంతే విలువైనది.

రొయ్య, పొగాకు: ఎగుమతి సరుకే, కానీ రైతు ఎగుమతిదారు కాదు

ఈ రెండు జిల్లాల పెద్ద సరుకులు రెండూ ఈ చిత్రంలో ఇమడవు. రొయ్య రైతు చెరువు గట్టు మీద కౌంటును బట్టి, అంటే కిలోకు ఎన్ని తూగాయన్న లెక్కన అమ్ముతాడు. శుద్ధి చేసి, గడ్డకట్టించి పంపేది ప్లాంటు. రైతుకు ఐఈసీ గురించి రోజంతా చెప్పడం వృథా. అతనికి కావాల్సింది చెరువు యాజమాన్యం, కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీలో నమోదు, నిషేధించిన యాంటీబయాటిక్స్ జోలికి వెళ్లకపోవడం. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ల ఆనవాళ్లు తనిఖీలో బయటపడితే కంటైనరు మొత్తం వెనక్కి వస్తుంది, ఆ మచ్చ అందరి మీదా పడుతుంది.

పొగాకు ఇంకా వేరు. 1975 చట్టంతో ఏర్పడిన బోర్డు దగ్గర రైతు నమోదు కావాలి, ఆకును ఆరబెట్టే బ్యారన్‌కు లైసెన్సు ఉండాలి, వర్జీనియా పొగాకును వేలం కేంద్రంలోనే అమ్మాలి. ఒంగోలు వేలంలో బేలు ముందు నిలబడ్డ రైతుకు విదేశీ పార్టీని వెతికే శిక్షణ అక్కరలేదు. గ్రేడింగు, తేమ, ఈ ఏడు విదేశాల్లో ఏ రకానికి గిరాకీ ఉందన్న సమాచారం సమయానికి అందడమే అతనికి మద్దతు.

సదస్సుల మీద రెండు వాదనలు

నిర్వాహకుల వాదన కొట్టిపారేయలేనిది. జిల్లా ఎగుమతి ప్రోత్సాహక కమిటీలు కలెక్టరు ఆధ్వర్యంలో ఉన్నా సిబ్బంది కొద్దిమందే, సరుకులు పదుల సంఖ్యలో. ముందు పదిమందికీ తెలియాలి, అందులోంచి ఒకరిద్దరు తేలతారు. ఉద్యం ఉచితమని, ఐఈసీకి 500 చాలని హాల్లో వినడం వల్లే మోసపోకుండా బయటపడినవాళ్లు ఉన్నారు. అది చిన్న మేలు కాదు.

వ్యాపారుల మాట ఇంకోలా ఉంటుంది. ఒక రోజు పని మానితే ఆ రోజు కూలీ, బేరం రెండూ పోతాయి. మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ అవే పథకాల పేర్లు. చెప్పేవాళ్లలో ఒక్కసారైనా కంటైనరు పంపినవాళ్లు తక్కువ. హాజరు పట్టీలో వంద సంతకాలున్నాయని లెక్క వేస్తారు గానీ, ఏడాది తర్వాత ఆ వందమందిలో ఎంతమంది సరుకు పంపుతూ కస్టమ్స్‌లో షిప్పింగ్ బిల్లు వేశారో ఎవరు చూస్తారని అడుగుతారు. నేను ఈ ప్రశ్న వైపే మొగ్గుతాను. ఐఈసీ పాన్ మీదే ఉంటుంది, షిప్పింగ్ బిల్లు మీద ఐఈసీ ఉంటుంది. కాబట్టి ఆ లెక్క తీయడానికి కావాల్సిన సమాచారం ప్రభుత్వం దగ్గర ఇప్పటికే ఉంది.

ఆ రోజు సదస్సు అయిపోయాక ఊరగాయ సంఘం ఆవిడ సంచిలోంచి ఒక సీసా తీసి చూపించింది. నిమ్మకాయ ముక్కలు నూనెలో మెరుస్తున్నాయి, వాసన మూతలోంచే వస్తోంది. అమెరికాకు వ్యాపారంగా పంపాలంటే ఆ వంటశాల అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర నమోదు కావాలి, అక్కడ ఒక ఏజెంటు ఉండాలి. ఆ నమోదును సరి సంఖ్య వచ్చే ప్రతి సంవత్సరం అక్టోబరు, డిసెంబరు మధ్య రెన్యువల్ చేయించాలి. లోపలి సరుకు పులుపును కొలిచే పీహెచ్ 4.6 గీతకు ఇటు ఉందా అటు ఉందా అన్నదాన్ని బట్టి అక్కడి నిబంధనలు మారతాయి. చుట్టాలబ్బాయికి కొరియర్‌లో పంపినప్పుడు ఇవేవీ ఎదురుకాలేదు కాబట్టి, వ్యాపారంగా పంపినా అంతే అనుకుంది ఆవిడ. పక్కనే కూర్చున్న, సరుకు విదేశాలకు పంపే ఏర్పాట్లు చూసే చెన్నై ఫార్వర్డర్ ఒకాయన సీసాను తిప్పి లేబులు చూశాడు. తెలుగులో పేరు, కింద 500 గ్రా. అని ఉంది. “అమ్మా, అక్కడ దీని పక్కన ఔన్సుల్లో కూడా బరువు వేయాలి” అన్నాడు. ఆవిడ ఫోల్డరులోంచి పెన్ను తీసి, ఐఈసీ కాగితం వెనకాల రాసుకుంది: 17.6.